మోర్‌పంఖులకు నడికట్టు: పెరట్లో ఏడాది పని

మే 19, 2024, ఆదివారం

నిన్న సాయంత్రం ఐదింటికి దుమారం లేచింది. పట్టుమని పది నిమిషాలు లేదు. చినుకులు అంతంతమాత్రమే గానీ గాలి మాత్రం డాబా మీద వడియాలు పోసిన చీరను ఎత్తుకుపోయి పక్క సందులో పడేసింది. పొద్దున పెరట్లోకి పోయి చూస్తే దక్షిణం గోడవారగా ఉన్న మోర్‌పంఖుల్లో ఐదు నడిమికి విచ్చుకుపోయి ఉన్నాయి. ఒక్క కొమ్మ విరగలేదు, ఒక్క చెట్టు పడలేదు. కట్టు తెగిన చీపురులా నాలుగు దిక్కులకూ వాలిపోయాయి, అంతే. మొత్తం ఎనిమిది చెట్లు. గేటు వైపు నుంచి లెక్కపెడితే రెండు, మూడు, నాలుగు, ఆరు, ఏడు పాడైనట్టు.

ఇవి మా బాపు, అంటే నాన్న, పెట్టిన చెట్లు. 2009లో కడియం నుంచి మొక్కల లారీ ఒకటి హన్మకొండకు వస్తే ఎనిమిది తెచ్చి, మూడడుగుల ఎడంలో వరసగా నాటాడు. అప్పుడు మోకాలెత్తు, ఇప్పుడు పద్నాలుగు అడుగులు. నర్సరీల్లో తూజా అంటారు. బళ్లో మేం విద్య ఆకు అనేవాళ్లం. రెమ్మ తెంపి పుస్తకంలో దాచుకుంటే చదువొస్తుందని నమ్మకం. నేను లెక్కల పుస్తకంలో దాచాను. రెమ్మ ఎండి పొడి అయింది, లెక్కలు మాత్రం రాలేదు.

శాస్త్రం పేరు ప్లాటిక్లాడస్ ఓరియెంటాలిస్. పాత పేరు తూజా ఓరియెంటాలిస్, అందుకే నర్సరీల్లో ఇంకా తూజాయే నడుస్తోంది. పుట్టిల్లు చైనా, కొరియా వైపు. పైన్, దేవదారు చెట్ల లాగా ఇదీ శంకువులు కాసే జాతి. ఈ చుట్టరికం ముందు తెలుసుకోవాల్సింది, నేను తర్వాత తెలుసుకున్నాను.

మే 22

గాలి మీద తప్పు వేయడం తేలిక. ఇవాళ తీరిగ్గా కూర్చుని, విచ్చుకున్న మూడో చెట్టు కడుపులోకి చూశాను. పైన అరచేయంత మందం పచ్చటి పొర ఉంది. దాని లోపలంతా గోధుమరంగు చెత్త. పిడికెడు పట్టి లాగితే ఎండు ఆకు జలజలా రాలింది, దాంతోపాటు పదిహేనేళ్ల దుమ్ము, ఒక ప్లాస్టిక్ గాలిపటం తోక, రెండు చాక్లెట్ కాగితాలు. పుల్లల మీద గోరుతో గీకి చూశాను. కొన్ని లోపల పచ్చగా ఉన్నాయి, కొన్ని పొడిగా కట్టెరంగులో ఉన్నాయి.

లోపలి ఆకు ఎండి రాలడం రోగం కాదు. వెలుతురు అందని పాత ఆకును ఈ చెట్టు తనే వదిలేస్తుంది. గోల ఎక్కడంటే, ఏటా తోటపని చేసే కాక వచ్చి కరెంటు కత్తెరతో పైపైన గుండు గీసినట్టు గీసిపోతాడు. గీసిన ప్రతి కొనా రెండు మూడు చివుళ్లు వేస్తుంది. పైపొర చిక్కబడుతుంది, లోపలికి వెలుతురు ఇంకా తగ్గుతుంది. పైన బరువు, కింద డొల్ల. ఒక్కో చెట్టుకు మొదట్లోంచే నాలుగైదు కాండాలు లేచి ఉన్నాయి. వాటిని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టింది ఆ ఆకుపొరే. గాలికి అది సడలింది.

ఇంకో కారణం గోడ అవతల ఉంది. 2019లో పక్కవాళ్లు మూడంతస్తులు లేపారు. అప్పటి నుంచి చెట్లకు దక్షిణపు ఎండ లేదు. గోడ వైపు బట్టతల, మా వైపు దట్టం. మా వైపే వంగాయి కూడా. పక్కవాళ్లను ఏమంటాం? వాళ్ల స్థలం, వాళ్ల ఇల్లు.

మే 26, ఆదివారం

ముందు లేపి కట్టాలి, కోత తర్వాత. ఈ ఎండలో కోస్తే ఇన్నాళ్లూ నీడలో ఉన్న లోపలి కొమ్మలు ఒక్కసారిగా మాడిపోతాయి. వానలు పడేదాకా కత్తెర ముట్టొద్దని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

దేనితో కట్టాలన్నదే పెద్ద ఆలోచన అయింది. బైండింగ్ వైరు బెరడును కోస్తుంది. సుతిలి జారుతుంది, నాలుగు వానలకు తెగుతుంది. ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కుతుంది, పైగా సన్నగా ఉండి ఒత్తుకుపోతుంది. వెడల్పుగా, మెత్తగా ఉండేది కావాలి. స్టోర్‌రూంలో బాపు మంచం నిలబెట్టి ఉంది. దానికి చుట్టి ఉన్నది నవారు, అసలు నూలుది. అమ్మ వైపు చూశాను.

"ఆ మంచం మీద ఎవరు పండుతున్నరు ఇప్పుడు? ఇప్పుకో," అంది.

బయటి నుంచి మొత్తం చెట్టును మూటలా చుట్టడం తప్పు. చుట్టిన చోట ఆకుకు గాలి వెలుతురు అందక పట్టీలా ఎండిపోతుంది, చూడ్డానికీ బాగుండదు. లోపలి కాండాలను ఒకదానికొకటి కలపాలి. నేను చేసింది ఇది: నిచ్చెన వేసుకుని, ఐదడుగుల ఎత్తులో ఒకటి, తొమ్మిది అడుగుల ఎత్తులో ఒకటి, చెట్టుకు రెండు కట్లు. ఒక కాండం చుట్టూ నవారు తిప్పి, మధ్యలో మెలివేసి, రెండో కాండం చుట్టూ తిప్పాలి. ఆ మెలి వల్ల కాండాలు రాసుకోవు. ప్రతి చుట్టులో రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి, లేకపోతే కాండం లావెక్కే కొద్దీ నవారు బెరడులోకి దిగుతుంది. కాండాలను ఒకేసారి బిగించి దగ్గరికి లాక్కూడదు. రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా లాగితే మొదలు దగ్గర చీలిక రాదు.

ఐదు చెట్లకు పది కట్లు. ఒంటి నిండా గీతలు, చొక్కా నిండా తారులాంటి వాసన. పక్కింటి పెద్దమ్మ పిట్టగోడ మీద నుంచి చూసి, "ఏంది బిడ్డా, బాలింతలకు కట్టినట్టు చెట్లకు నడికట్లు కడుతున్నవ్?" అంది. డైరీకి పేరు దొరికింది.

జూన్ 5

ఎనిమిదో చెట్టు గాలికి చెక్కుచెదరలేదు గానీ రంగు తేడాగా ఉంది. పచ్చదనం వెలిసి, కంచురంగు తిరిగింది. తెల్ల కాగితం కింద పట్టి కొమ్మను రెండు దెబ్బలు కొట్టాను. కారప్పొడి చల్లినట్టు నలుసులు పడ్డాయి, వాటిలో కొన్ని నడుస్తున్నాయి. వేలితో రాస్తే ఎర్రటి గీత. ఎర్రనల్లి. పొడి వేడికి, దుమ్ముకు ఇది ఎగబడుతుంది. మిరపతోటలున్న జిల్లాలో నల్లి గురించి వేరే చెప్పక్కర్లేదు.

గంధకం పొడి కొట్టమని దుకాణంలో చెప్పారు. ఇప్పుడున్న ఎండకు గంధకం కొడితే ఆకే మాడుతుంది. నీళ్ల పైపు మూతి వేలితో నొక్కి, పొద్దున్నే కిందినుంచి పైకి గట్టిగా చిమ్మాను. మూడు రోజులకోసారి, నాలుగుసార్లు. రెండోసారికే కాగితం మీద నలుసులు సగానికి తగ్గాయి. ఇక మిగతాది వాన చూసుకుంటుంది.

జులై 7, ఆదివారం

నేల తడిసింది, మబ్బు పట్టి ఉంది. ఇవాళ ఒకటి, రెండు చెట్లు కోశాం. కాకను పిలిచాను గానీ కరెంటు కత్తెర ఇంటి దగ్గరే పెట్టి రమ్మన్నాను. చేతికత్తెర, మడత రంపం, చెట్టుకూ చెట్టుకూ మధ్య తుడవడానికి స్పిరిట్ గుడ్డ. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

వేపను మొండెం చేస్తే మూడు నెలల్లో గొడుగు పడుతుంది. మోర్‌పంఖికి ఆ గుణం లేదు. ఆకు లేని పాత గోధుమరంగు కొమ్మ మీద కోస్తే అక్కడి నుంచి చిగురు రాదు. కోత ఎప్పుడూ పచ్చ ఉన్న చోటే ఆగాలి. యూ అనే చలిదేశపు చెట్టు పాత కట్టె నుంచి కూడా చిగురిస్తుంది గానీ అది మన దగ్గర ఎక్కడిది.

కాబట్టి ఎత్తు తగ్గించడం ఇట్లా: పైకి పోతున్న కాండాన్ని పట్టుకుని కిందికి వస్తూ, పచ్చగా ఉండి లోపలి వైపుకు తిరిగిన పక్కకొమ్మ ఎక్కడుందో చూడాలి. దానికి సరిగ్గా పైన కోయాలి. ఇక ఆ పక్కకొమ్మే తల. నాలుగు కాండాలుంటే నాలుగు వేరువేరు ఎత్తుల్లో కోస్తే గుండు గీసినట్టు కనబడదు, కోతలు ఆకులో దాగిపోతాయి. పద్నాలుగు అడుగులది ఈ ఏడు పన్నెండుకు తెచ్చాం. పదికి తేవాలని ఉంది, అది వచ్చే ఏడు. ఒక్కసారే సగానికి నరికితే ఆకు చాలక చెట్టే పోతుంది.

కాకకు ఈ పద్ధతి నచ్చలేదు. "గింత సేపా సారు? నేనైతే ఈపాటికి ఎనిమిది గీసి చాయ తాగుతుంటి." కోతకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూద్దామన్నాడు, మామిడికి పూసినట్టు. ఒకటో చెట్టుకు పూసి రెండోదాన్ని వదిలేశాం. (నవంబర్‌లో రాస్తున్నా: రెండింటికీ తేడా ఏమీ కనబడలేదు. కోసిన చోట చెట్టే బంక కట్టుకుంది.)

జులై 14

తెలిసి చేసిన తప్పు. మూడో చెట్టుకు గోడ వైపు కాండం ఒకటి మరీ పక్కకు పోయింది. కట్టినా లేవడం లేదు. పచ్చ ఉన్న చోటుదాకా వెతికితే కోత ఎనిమిదడుగుల మీద పడుతుంది, ఆకారం కుదరదు. "ఇంకొంచెం కిందికి కోస్తే ఏమైతది, ఏదో ఒక కన్ను పగలదా" అనుకుని నాలుగున్నర అడుగుల దగ్గర రంపం పెట్టాను. నిన్న రాసింది ఇవాళ మరిచిపోవడమంటే ఇదే. ఇప్పుడు అక్కడ మనిషి తల దూరేంత బొంద, లోపల గోధుమరంగు పుల్లలు, వాటి వెనక పక్కింటి బాత్‌రూం కిటికీ. ఎవరికీ బాగాలేదు.

జులై 21

ఆరో చెట్టు మీద నిచ్చెన ఆనించగానే లోపలి నుంచి రెండు పిట్టలు బుర్రున లేచాయి. పిచ్చుక కంటే చిన్నవి, ఛాతీ మీద పొలుసుల్లా చుక్కలు, వరికంకుల మీద గుంపులుగా వాలేవి. గడ్డితో బంతిలా అల్లిన గూడు, పక్కన చిన్న ద్వారం. సరిగ్గా నేను కట్టిన నవారు ముడి మీదే ఆసరా తీసుకుని కట్టుకున్నాయి. ఆరో చెట్టు పని అక్టోబర్‌కు వాయిదా.

ఆగస్టు 11

కోతుల గురించి రాయకపోతే ఇది వరంగల్ డైరీ కాదు. ఇవాళ పొద్దున ఇరవై దాకా దిగాయి. జామకాయల కోసం వస్తాయి గానీ జామచెట్టు నుంచి డాబా మీదికి పోవడానికి దారి నా మోర్‌పంఖుల మీదుగానే. పెద్ద మగకోతి ఒకటి నాలుగో చెట్టు కొసన కూర్చుని, చెట్టు ఊగుతుంటే దిగకుండా, నన్ను చూసి పళ్లు ఇకిలించింది. దిగేసరికి పై కట్టు ఒకవైపు జారింది.

చెట్లకు చేయగలిగింది లేదు. జామకొమ్మనే డాబాకు ఆరడుగుల దూరం ఉండేలా కోశాను. అమ్మకు జామ మీద ప్రేమ, నాతో రెండు రోజులు మాటల్లేవు.

సెప్టెంబర్ 8

వారం నుంచి రాయడం కుదరలేదు. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకు మహబూబాబాద్ వైపు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. తర్వాత తాడ్వాయి అడవి సంగతి బయటపడింది. ములుగు జిల్లాలో, మేడారం పోయే దారి వైపు, ఆగస్టు 31నాటి గాలికి వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఫొటోల్లో అడవి దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడుకుని ఉంది. నా పెరటి ఎనిమిది చెట్ల గొడవ ఆ ఫొటోల ముందు చిన్నబోయింది. అయినా పొద్దున్నే పోయి ముడులు లెక్కపెట్టుకున్నాను. పదీ ఉన్నాయి.

ముడుల కంటే వేళ్ల దగ్గర పని ఎక్కువ పడింది. మాది చెల్కనేల, నీళ్లు ఇంకాలి. కానీ గోడవారగా పక్కింటి కట్టుబడినాటి కంకర, సిమెంటు పెళ్లలు నేలలో కలిసిపోయి మూడో, నాలుగో చెట్ల మధ్య నీళ్లు రెండు రోజులు నిలిచాయి. ఈ చెట్టు ఎండకు ఓర్చుకుంటుంది గానీ కాళ్లు నానితే ఓర్చుకోదు, వేరు కుళ్లుతుంది. గడ్డపారతో జానెడు లోతు కాలువ తీసి నీటిని మందారాల వైపు మళ్లించాను.

నిన్న వినాయక చవితికి ఎదురింటి చిన్నోడు వచ్చి, "అంకుల్, మీ చెట్టు దేవదారేనా? పత్రిలో అదొక్కటే దొరకలే," అని అడిగాడు. ఇరవై ఒక్క పత్రుల్లో దేవదారు ఉంది, నిజమే. అసలు దేవదారు హిమాలయాల చెట్టు. మన బజార్లో ఆ పేరుతో చాలాసార్లు అమ్మేది నరమామిడి ఆకు. దూరపు చుట్టరికం చూసినా నరమామిడి కంటే మా మోర్‌పంఖే దేవదారుకు దగ్గర. రెండు రెమ్మలిచ్చి పంపాను. దేవుడు లెక్క చూసుకుంటాడు.

అక్టోబర్ 13, ఆదివారం

దసరా అయిపోయింది. పిట్టలు వెళ్లిపోయాయి, గూడు ఖాళీ. ఆరు, ఏడు చెట్లు కోశాం. ఈసారి కాక తనే పక్కకొమ్మ వెతికి, "ఇగో, దీని మీద ఆపితే మంచిగుంటది" అని చూపించాడు. జులైలో కోసిన రెండు చెట్ల మీద కోతల పక్కన చిగుళ్లు లేతగా లేచాయి. పైపొర పలచబడ్డ చోట లోపలి పుల్లల మీద, ఇంకా పచ్చి చావని వాటి మీద మాత్రమే, గోరంత రెమ్మలు పుట్టాయి. మూడో చెట్టు బొందలో ఏమీ లేదు.

నవంబర్ 24

ఇవాళ వేరే చెట్టు. గేటు పక్కన ఉన్న క్రిస్మస్ చెట్టు, అంటే అరకేరియా, ముప్పై అడుగులు దాటింది. కొన్నేళ్లుగా వంకరగా పోతోంది. చూసినవాళ్లంతా ఒకటే మాట: తల నరికెయ్. కరెంటు తీగకు దూరంగానే ఉంది గాబట్టి తొందరేం లేదు. అసలు ఎంత వంగిందో కొలుద్దామనిపించింది. దారానికి ఇనుప గుండు కట్టి ఆరడుగుల ఎత్తు నుంచి వదిలాను. కింద కాండానికీ గుండుకూ ఏడు అంగుళాల తేడా వచ్చింది. లెక్కేస్తే ఐదున్నర డిగ్రీలు. వంగింది దక్షిణానికి.

దక్షిణం అనేసరికి పెద్దమ్మ వాస్తు తీసింది. నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. కుక్ పైన్ అనే అరకేరియా జాతి భూమధ్యరేఖ వైపుకు వంగి పెరుగుతుందని 2017లో ఒక పరిశోధన వచ్చింది. ఐదు ఖండాల్లో 256 చెట్లు కొలిచారు. ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి, సగటున 8.55 డిగ్రీలు. మన ఊళ్లలో క్రిస్మస్ చెట్టని అమ్మేవాటిలో చాలా భాగం ఈ జాతే. అంటే మా చెట్టు చెడిపోలేదు, దాని తీరే అంత.

తల నరికే ముచ్చట కూడా పక్కన పెట్టాను. అరకేరియా పక్కకొమ్మలు అడ్డంగా పెరగడానికే పుట్టాయి. తల పోతే వాటిలో ఏదీ పైకి లేచి తల కాదు. కాండం నుంచి రెండు మూడు కొత్త మొలకలు లేచి తలా ఒక దిక్కుకు పోతాయి. ఆ అంతస్తుల అందం మళ్లీ రాదు. దాన్ని అట్లనే వదిలేస్తున్నా.

డిసెంబర్ 4

పొద్దున ఏడున్నరకు మంచం కదిలింది. ములుగు దగ్గర భూకంపం, 5.3. అందరం వాకిట్లోకి ఉరికాం. చెట్లకేమీ కాలేదు. రాయాల్సిన అవసరం లేదు గానీ రాయకుండా ఉండలేకపోయాను.

ఫిబ్రవరి 16, 2025, ఆదివారం

ఏడు నెలలు చూశాను. మూడో చెట్టు బొంద పూడలేదు, పైగా మిగతా కాండాలు కూడా కొసల నుంచి ఎండుకొస్తున్నాయి. లోపలి ఆకు ఎండితే వయసు, కొసలు ఎండితే జబ్బు. తీసేద్దామన్నాను. అమ్మ సరే అంది.

తవ్వితే అసలు కథ బయటపడింది. వేళ్లు పక్కలకు పాకలేదు. మొదలు కింద ఒక గుండ్రటి ముద్ద, చాపచుట్టలా ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న వేళ్లు, బొటనవేలంత లావువి. ఆ ముద్ద చుట్టుకొలత సరిగ్గా నర్సరీ సంచి చుట్టుకొలతంత. అడుగున నల్ల పాలిథిన్ పీలిక ఇంకా అతుక్కుని ఉంది. సంచిలో ఉన్నప్పుడే వేళ్లు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి, నాటేటప్పుడు వాటిని విడదీయలేదు, సంచి అడుగు కూడా పూర్తిగా తీయలేదు. పదిహేనేళ్లు ఆ చెట్టు బాల్చీలో నిలబడ్డట్టు నిలబడింది. దాని మీద నీళ్లు నిలిచిన రెండు రోజులు, నా రంపం.

బాపు అన్నీ పద్ధతిగా చేసే మనిషి. ఆ రోజు ఎనిమిది గుంతలు ఒక్కడే తవ్వాడు. నేను డిగ్రీ పరీక్షలున్నాయని లోపలే కూర్చున్నాను. చివరికొచ్చేసరికి చీకటి పడి ఉంటుంది.

ఖాళీలో మళ్లీ మోర్‌పంఖి పెట్టలేదు. ఆ నీడకు, ఆ తడికి అది నిలవదు. అమ్మ నందివర్ధనం అడిగింది, తెచ్చాను. నాటే ముందు సంచి మొత్తం చీల్చి, చుట్టు తిరిగిన వేళ్లను నాలుగు చోట్ల కత్తితో గీసి, మట్టిలో విప్పి పరిచాను. బాత్‌రూం కిటికీకి పక్కవాళ్లు తెర వేసుకున్నారు.

మే 25, 2025, ఆదివారం

ఏడాది తిరిగేసరికి మళ్లీ దుమారం. ఈసారి రాత్రిపూట వచ్చింది, కరెంటు పోయింది, టార్చి వేసుకుని చూశాను. రెండు, ఆరు, ఏడు నిలబడ్డాయి. నాలుగో చెట్టు మళ్లీ విచ్చుకుంది. కొమ్మ తప్పు కాదు, నవారు తెగింది. నూలు నవారు ఒక వానాకాలం, ఒక ఎండాకాలం తిన్నాక చేత్తో లాగితే పొడి అవుతోంది. మెత్తదనం చూసుకున్నాను గానీ నూలు కుళ్లుతుందన్న ఆలోచనే రాలేదు. మిగతావి కూడా అదే స్థితిలో ఉన్నాయి, వాటి అదృష్టం.

వరంగల్ చౌరస్తాలో నైలాన్ నవారు ఒక చుట్ట తెచ్చాను. అది కుళ్లదు, కానీ నూలంత మెత్తగా ఉండదు. అందుకని చుట్టు దగ్గర పాత సైకిల్ ట్యూబు ముక్క లోపలి వైపు పెట్టి కడుతున్నా. ఆరో చెట్టు కింది కట్టు విప్పితే కాండం మీద చిన్న నొక్కు పడి ఉంది, వేలి గోరు ఆగేంత. పోయిన మేలో రెండు వేళ్ల వదులు ఇచ్చాను. ఏడాదికి ఆ వదులంతా తినేసింది. ఇకమీదట ఆరు నెలలకోసారి, దసరాకు, హోళీకి, ముడి విప్పి కొత్తచోట కట్టాలి.

ఇవాళ్టికి రెండు, నాలుగు, ఆరు అయ్యాయి. ఏడోదానికి పై కట్టు మిగిలింది. నిచ్చెన పెద్దమ్మ వాళ్లు ట్యాంకు కడగాలని పట్టుకుపోయారు.